47 గంటల నిరీక్షణము

తుపాకి చేతబట్టి తోడిమనుష్యులను చెరలో నుంచుకొన్నవానితో ఓపికగా మాటలాడుట రక్షకభటుల విధియని నేడెవరికిని వింతగా తోచదు గాని, 1970 దశకపు తొలినాళ్లలో అమెరికా పోలీసులు మిక్కిలిగా నమ్మినవి రెండే మార్గములు: లొంగుమని గద్దించుట, లొంగనిచో లోపలికి దూకుట. ఆ దూకుడు ఎంతటి ఘోరమునకు దారితీయునో ఆటికా చూపెను. 1971 సెప్టెంబరు 13న న్యూయార్కు రాష్ట్రములోని ఆ కారాగారముపై దాడి జరిగినప్పుడు ఖైదీలు 29 మందియు, వారి చెరలోనున్న ఉద్యోగులు 10 మందియు విడిపింపవచ్చినవారి గుండ్లకే నేలగూలిరి. మరుసటి యేడు మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు వచ్చిన ఇజ్రాయేలు బృందములో 11 మంది ఇట్టి బందీ సంకటముననే బలియైరి.

ఈ రెండు దుఃఖములును మనసున మెదలుచుండగనే, 1973 జనవరి 19న బ్రూక్లిన్‌లో నలుగురు సాయుధులు తుపాకులమ్ము క్రీడాసామగ్రి దుకాణమున జొరబడి, పోలీసులు చుట్టుముట్టగా లోనివారిని బందీలుగా పట్టుకొనిరి. ఆ సాయంకాలమే స్టీఫెన్ గిల్‌రాయ్ అను పోలీసు అధికారి కాల్పులలో మరణించెను. తమలో నొకడు కన్నులయెదుట కూలినను, వెలుపలివారు ప్రతీకారమునకై లోపలికి దూకక, 47 గంటలు కాచుకొని యుండిరి. నా దృష్టిలో ఈ చరిత్రయందు మిక్కిలి గౌరవింపదగిన ఘట్టమిదియే. తుదకు దుకాణపు యజమాని, పలుచని గోడచాటున మూతపడియున్న పాతమెట్ల దారి తనకు తెలియుటచేత, గోడను పగులగొట్టి బందీలను మేడమీదికి చేర్చెను. కొన్ని గంటలకు సాయుధులును లొంగిపోయిరి. బందీలలో నొక్కడును చావలేదు.

న్యూయార్కు పోలీసుశాఖలో డిటెక్టివుగా పనిచేయుచునే మనస్తత్వశాస్త్రమున డాక్టరేటు పొందిన హార్వీ ష్లాస్‌బర్గ్ ఇట్టి సంకటములకు చేసిన వైద్యము ఒక్కటే, కాలయాపనము. భయక్రోధములు మొదటి గంటలలో పెచ్చుపెరిగి క్రమముగా చల్లారుననియు, అంతదనుక మాట తెగకుండ సాగవలెననియు ఆయన బోధించెను. ఫ్రాంక్ బోల్జ్ నాయకత్వమున ఆ యేడే రూపొందిన సంప్రదింపుల బృందము, “నాతో మాటలాడుము” అనుటనే తన నినాదముగా గ్రహించెను. మాటలాడువాడు నిర్ణయింపరాదు, నిర్ణయించువాడు మాటలాడరాదు అనునది వారి కట్టుబాటు. కారు కావలెననియో, సొమ్ము కావలెననియో లోనివాడు గద్దించినప్పుడు, “అది నా చేతిలో లేదు, పైవారి నడిగి వచ్చెదను” అని బయటివాడు నిజమే చెప్పగలడు; అతడు అడిగి వచ్చులోపల లోనివాడు కూర్చుండును, ఆకలి గుర్తునకు వచ్చును, కన్నులు మూతపడజొచ్చును.