ఊదా కప్ప: తోకకప్పల గుర్తింపు ఎందుకు కీలకం

పడమటి కనుమల్లో నివసించే ఊదా కప్పను కళ్లారా చూసినవారు అరుదు. ఉబ్బిన శరీరం, మొనదేలిన ముక్కు గల ఈ కప్ప ఏడాదిలో అధిక భాగం నేల అడుగున చెదపురుగులను తింటూ గడుపుతుంది. వానలు మొదలయ్యే వేళ గుడ్లు పెట్టేందుకు కొద్ది రోజులు మాత్రమే పైకి వస్తుంది. దాని తోకకప్పలు మాత్రం దాదాపు వంద రోజులు కొండవాగుల్లోనే ఉంటాయి. అందువల్ల ఈ జాతి ఉనికిని తెలుసుకోవడానికి అవే ముఖ్య ఆధారం.

శాస్త్రానికి ముందుగా తెలిసినదీ తోకకప్పే. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ తొలి సంచాలకుడు నెల్సన్ అనండేల్ 1918లోనే దానిని వర్ణించారు. అయితే అది పెరిగి ఏ కప్పగా మారుతుందో అప్పటికి తెలియదు. కేరళలోని ఇడుక్కి జిల్లాలో లభించిన పెద్ద కప్పను ఎస్.డి. బిజు, బెల్జియం సహ పరిశోధకుడితో కలిసి 2003లో నేచర్ పత్రికలో వెల్లడించారు. దానికి నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్ అని పేరు పెట్టారు. దీని దగ్గరి బంధువులు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. ఆ తరువాతే పిల్లకూ పెద్దకూ మధ్య బంధం రుజువైంది.

తోకకప్ప ఏ జాతిదో తేల్చడం సులభం కాదు. పెరిగే కొద్దీ దాని రూపం మారుతూ ఉంటుంది. కనుక 1960లో గోస్నర్ రూపొందించిన 46 దశల పట్టిక ప్రకారం ముందుగా వయోదశను నిర్ణయిస్తారు. ఆపై నోటి స్థానం, పెదవులపై దంతాల వరుసలు, కళ్ల అమరిక, తోక ఆకృతిని పరిశీలిస్తారు. ఊదా కప్ప పిల్లకు శరీరం అడుగు భాగాన వెడల్పాటి నోరు ఉంటుంది. చూషకంలా పనిచేసే ఆ నోటితో అది ఉధృతమైన ప్రవాహంలోనూ బండను కరచుకుని, దానిపై పెరిగే నాచును గీరి తింటుంది. సందేహం మిగిలితే పిల్ల డీఎన్ఏను పెద్ద కప్ప డీఎన్ఏతో సరిపోలుస్తారు.

ఈ ప్రజాతికి చెందిన రెండో జాతిని తమిళనాడు వైపు తూర్పు వాలుల్లో కనుగొన్నట్లు 2017లో ప్రకటించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ పరిశోధనలో పాలుపంచుకున్నారు. సరీసృపాల, ఉభయచరాల పరిశోధకుడు ఎస్. భూపతి స్మారకంగా దానికి నాసికాబట్రాకస్ భూపతి అని పేరు పెట్టారు.

ఇడుక్కి ప్రాంతంలోని కొన్ని గిరిజన ఆవాసాల్లో వానాకాలంలో ఈ తోకకప్పలను ఆహారంగా సేకరిస్తారు. వాగులపై నిర్మించే చెక్‌డ్యాములు వేగంగా పారే నీటిని నిలవ నీటిగా మార్చివేస్తాయి. నేల అడుగున ఉన్న పెద్ద కప్పలను లెక్కించడం దాదాపు అసాధ్యం. అందుచేత ఏ వాగును కాపాడాలో నిర్ణయించాలంటే, బండలను పట్టుకుని ఉన్న ఆ చిన్న ప్రాణిని సరిగా గుర్తించగలగాలి.