కిగాలీ సవరణ: 2047 లక్ష్యం, 2028 గడువు

భూతాపం స్థిరీకరణపై జరిగే చర్చలన్నీ దూరపు సంవత్సరాల చుట్టూ తిరుగుతుంటాయి. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021లో గ్లాస్గోలో భారత్ ఇచ్చిన మాట అలాంటిదే. ఆ లక్ష్యాలు నెరవేరతాయో లేదో తేల్చేది మాత్రం దగ్గరి గడువులు. మాంట్రియల్ ప్రోటోకాల్‌కు 2016 అక్టోబరు 15న రువాండా రాజధాని కిగాలీలో చేసిన సవరణను ఈ కోణంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శీతలీకరణకు వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలండ్ 1974లో హెచ్చరించారు. అవి వేడిని కూడా గట్టిగా పట్టి ఉంచుతాయని వీరభద్రన్ రామనాథన్ మరుసటి ఏడాదే చూపారు. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం మొదటి ప్రమాదాన్ని ఉద్దేశించింది. సీఎఫ్‌సీల స్థానంలోకి చివరికి వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోవు, భూతాపాన్ని మాత్రం పెంచుతాయి. ఏసీల్లో విరివిగా వాడిన ఆర్-410ఏ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ళ లెక్కన, అది సుమారు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కిగాలీ సవరణ ఈ రెండో ప్రమాదాన్ని కూడా పాత ఒప్పందం పరిధిలోకి తెచ్చింది.

పారిస్ ఒప్పందంలో ఏ దేశం లక్ష్యం ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. మాంట్రియల్ పద్ధతి వేరు. ఉత్పత్తి, వినియోగాలకు ఏటేటా పరిమితి ఉంటుంది. ఒప్పందంలో చేరని దేశాలతో ఆ వాయువుల వ్యాపారం చేయకూడదు. వర్ధమాన దేశాలకు అయ్యే అదనపు ఖర్చును 1990లో లండన్‌లో ఏర్పరచిన బహుపాక్షిక నిధి భరిస్తుంది. భారత్ 1992లో ఒప్పందంలో చేరడానికి ఈ నిధి హామీ ముఖ్య కారణం. డబ్బు మాట తేలకుండా పేద దేశాలను గడువులకు కట్టుబడమనడం అన్యాయమని అప్పుడు మన ప్రతినిధులు వాదించారు. ఆ వాదన నేటికీ సరైనదే.

సవరణ పూర్తిగా అమలైతే ఈ శతాబ్దాంతానికి అర డిగ్రీ సెల్సియస్ వరకు వేడి తగ్గవచ్చని అంచనా. అయితే దీన్ని కార్బన్ డయాక్సైడ్ తగ్గింపుకు బదులుగా చూపకూడదు. ప్రధానమైన హెచ్‌ఎఫ్‌సీలు గాలిలో కొన్నేళ్ళ నుంచి కొన్ని దశాబ్దాల వరకే నిలుస్తాయి, కాబట్టి విడుదల తగ్గితే వాటి గాఢత కొన్ని దశాబ్దాల్లోనే పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ పోగుపడుతూనే ఉంటుంది. బొగ్గు వాడకం ఆగకపోతే హెచ్‌ఎఫ్‌సీల తగ్గింపుతో దక్కేది కొంత వ్యవధి మాత్రమే.

సవరణలో అసలు చిక్కు కాలపట్టికలో ఉంది. భారత్, పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలు కలిపి పది దేశాలకు ప్రత్యేక గడువులు ఇచ్చారు. 2024, 2025, 2026 సంవత్సరాల సగటు హెచ్‌ఎఫ్‌సీ వినియోగానికి, సీఎఫ్‌సీల తర్వాత హెచ్‌ఎఫ్‌సీలకు ముందు వాడిన హెచ్‌సీఎఫ్‌సీల పాత ప్రాతిపదికలో 65 శాతం కలిపితే వచ్చేది వీటి ప్రాతిపదిక. 2028లో వినియోగం ఆ స్థాయిని దాటకూడదు. ఆ తర్వాత 2032కు 10 శాతం, 2037కు 20 శాతం, 2042కు 30 శాతం, 2047కు 85 శాతం తగ్గాలి. అంటే మొత్తం తగ్గింపులో దాదాపు మూడింట రెండు వంతులు చివరి ఐదేళ్ళకు వదిలేశారు. పైగా ప్రాతిపదిక సంవత్సరాల్లో ఎంత ఎక్కువ వాడితే అంత ఎక్కువ వాటా దక్కుతుంది. తొందరగా మారిన పరిశ్రమకు ఈ లెక్కలో నష్టమే. బేరసారాల ఒత్తిడిలో ఇలాంటి రాజీలు తప్పవని అర్థం చేసుకోగలను, అయినా ఇది సవరణలోని పెద్ద లోపమని నా నిశ్చితాభిప్రాయం.

ఏసీ ఒకసారి గోడకెక్కితే పది, పదిహేనేళ్ళు పనిచేస్తుంది. 2035లో అమ్మిన యంత్రానికి 2047లోనూ గ్యాస్ నింపాల్సి రావచ్చు. కాబట్టి 2047 నాటి 85 శాతం సాధ్యమా కాదా అన్నది ఇప్పటి నుంచి 2035 దాకా తయారయ్యే యంత్రాల్లో ఏ వాయువు పోస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను 1గా తీసుకుంటే హెచ్‌ఎఫ్‌సీయే అయిన ఆర్-32 భూతాప ప్రభావం 675, ప్రొపేన్‌ది 3 దగ్గర. ప్రొపేన్ మండే వాయువు గనుక ఒక్కో యంత్రంలో నింపే పరిమాణానికి హద్దులున్నాయి, బిగించేవారికి శిక్షణ కావాలి. ఏసీ కర్మాగారాలు వరుసగా వెలుస్తున్న తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఈ ఎంపిక ఏ సదస్సు తీర్మానానికీ తీసిపోని వాతావరణ నిర్ణయం.

ఒప్పందం ఉత్పత్తి, వినియోగాలకు పరిమితి పెట్టింది. ఇప్పటికే యంత్రాల్లో ఉన్న వాయువును బయటికి వదలకుండా తీసి భద్రపరచాలన్న నియమం అందులో లేదు. ఎండాకాలంలో మెకానిక్ మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదిలి కొత్తది నింపడం మన ఊళ్ళలో మామూలే. అతన్ని తప్పుపట్టలేం. గ్యాస్ వెనక్కి తీసే యంత్రం ఖరీదైనది, తీసిన గ్యాస్‌ను కొనేవారు దగ్గర్లో ఉండరు. 2019 నాటి భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని చెప్పింది. 2037-38 నాటికి శీతలీకరణ వాయువుల గిరాకీని 25 నుంచి 30 శాతం తగ్గించాలని కూడా పేర్కొంది. తెలంగాణ 2023లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానం గిరాకీనే తగ్గించే మార్గం, దాన్ని ఈ ప్రణాళికతో కలిపి చూడాలి.

ఈ పది దేశాలు 2028 గడువును సాంకేతిక సమీక్ష పేరిట రెండేళ్ళు వాయిదా వేసే అంశాన్ని పరిశీలించే వీలు సవరణతో పాటు చేసిన నిర్ణయంలో ఉంది. భారత్ ఆ వెసులుబాటును వాడుకోకూడదు. బదులుగా బహుపాక్షిక నిధి నుంచి పాత గ్యాస్‌ను సేకరించి శుద్ధి చేసే కేంద్రాలకు, మెకానిక్‌ల పనిముట్లకు ప్రత్యేక కేటాయింపు అడగాలి. ఆ కోరిక 2032 నాటి తొలి కోతకు ముందే సభ్యదేశాల సమావేశం ముందుకు రావాలి.