పైలట్ తొడమీది పలక



పలక అనగానే మనకు అక్షరాభ్యాసం గుర్తుకు వస్తుంది. పలక విడిచి పుస్తకం పట్టిన నాడు పిల్లవాడు పెద్దవాడయ్యాడని మురిసిపోతాము. అయితే ఎంతో కఠినమైన శిక్షణ పొంది, వేల గంటల అనుభవం గడించిన తరువాత కూడా పలకను విడువనివారు ఉన్నారు. వారు సైనిక విమానాల పైలట్లు. వారి పలకను నీబోర్డు అంటారు.

పేరులో మోకాలు ఉన్నా దానిని కట్టుకునేది తొడకు. చిన్న లోహపు రేకు, కాగితాలను పట్టి ఉంచే క్లిప్పు, తొడచుట్టూ బిగించే పట్టీ, ఒక పెన్సిలు. ఇంతే దాని నిర్మాణం. యుద్ధవిమానంలో పైలట్ ఒక చేయి నియంత్రణ కర్రమీద, మరొక చేయి ఇంజను వేగాన్ని మార్చే థ్రాటిల్ మీద ఉంటుంది. కాగితం జారి ఆసనం కిందికి పోతే తిరిగి చేతికి అందదు. అందుకే రేడియో పౌనఃపున్యాలు, ఇంధనపు లెక్కలు, దిగవలసిన విమానాశ్రయం ఎత్తు, వాతావరణ వివరాలు కంటికి ఎదురుగా తొడమీదనే ఉంటాయి. రాత్రివేళ కాక్‌పిట్‌లో ఎర్రదీపం వాడే విమానాలలో ఎర్రసిరాతో వ్రాసినది కనబడదు. కాబట్టి ఏ రంగుతో వ్రాయాలన్నది కూడా వారికి పాఠమే.

అంతటి నిపుణునికి కాగితం ఎందుకని మీరు అడగవచ్చును. ఈ ప్రశ్నకు చరిత్ర ప్రాణాలు తీసుకుని సమాధానం చెప్పింది.

1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రైట్ ఫీల్డ్ అనే సైనిక క్షేత్రం నుండి బోయింగ్ సంస్థ తయారుచేసిన మోడల్ 299 అనే నాలుగు ఇంజన్ల విమానం పరీక్షకై పైకి లేచింది. నడుపుతున్నవాడు మేజర్ ప్లోయర్ హిల్. ఎన్నో రకాల విమానాలను పరీక్షించిన దిట్ట. విమానం నిటారుగా పైకి పోయి, వేగం కోల్పోయి, నేలకూలి మంటలలో చిక్కుకున్నది. హిల్ మరణించాడు. బోయింగ్ పరీక్షా పైలట్ లెస్లీ టవర్ కూడా ఆ గాయాలతోనే తరువాత కన్నుమూశాడు.

యంత్రంలో లోపం ఏదీ కనబడలేదు. విమానం నేలమీద నిలిచి ఉన్నపుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా ఒక తాళం వేస్తారు. బయలుదేరే ముందు దానిని తీయడం మరచిపోయారు. అంతే.

ఇక్కడ సైన్యం చేసిన ఆలోచన గమనించదగినది. పైలట్లకు శిక్షణ చాలలేదని వారు అనలేదు. హిల్‌కు మించిన శిక్షణ ఎవరికున్నది? ఒక మనిషి జ్ఞాపకం మోయగలిగిన దానికంటె ఆ విమానం మోపుతున్న భారమే ఎక్కువని గ్రహించారు. ఎగురుటకు ముందు, ఎగురునపుడు, దిగుటకు ముందు, దిగిన తరువాత ఏమేమి చూడాలో వరుసగా వ్రాసి పెట్టారు. సైనిక విమానయానంలో చెక్‌లిస్టు స్థిరపడటానికి ఈ ప్రమాదమే ముఖ్యకారణమని చరిత్రకారులు చెబుతారు. ఆ విమానమే తరువాత బి-17గా ప్రసిద్ధికెక్కి, 12,731 సంఖ్యలో తయారైంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో ఈ పద్ధతి మరొక మెట్టు ఎక్కింది. కర్మాగారాల నుండి సైనిక స్థావరాలకు విమానాలను చేరవేసేందుకు ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీ అనే పౌర సంస్థ ఉండేది. అందులో 160 మందికి పైగా మహిళా పైలట్లు పనిచేశారు. విమానాలను ఆరు తరగతులుగా విభజించి, తరగతికి తగిన శిక్షణ ఇచ్చేవారు. ఆపైన ఆ తరగతిలోని ఏ విమానమైనా, అంతకుముందు కన్నెత్తి చూడనిదైనా, నడపవలసిందే. వారి చేతిలో ఉండేది ఫెర్రీ పైలట్స్ నోట్స్ అనే చిన్న కార్డుల పుస్తకం. ఒక్కొక్క విమానానికి కావలసిన ముఖ్యవిషయాలు మాత్రమే అందులో ఉండేవి. దానిని చదువుకొని, రేడియో సహాయం కూడా లేకుండా ఎగిరిపోయేవారు. 1945లో ఆ సంస్థ మూతపడే నాటికి మూడు లక్షలకు పైగా విమానాలను చేరవేసింది.

ఇంతవరకు చదివి, కంఠస్థం చేయడం వ్యర్థమని మీరు నిర్ణయించుకోకండి. కథకు రెండవ పక్షం ఉన్నది.

ఇంజనుకు నిప్పంటుకున్నపుడు కాగితం వెదకే వ్యవధి ఉండదు. అందుకే అమెరికా వాయుసేన అత్యవసర సూచనలలో మొదట చేయవలసిన కొన్నింటిని ముద్ద అక్షరాలలో అచ్చువేస్తుంది. వాటిని శిక్షణార్థి ఒక్క మాట తప్పకుండా కంఠస్థం చేయాలి, అడిగినపుడు వ్రాసి చూపాలి. ఉదయపు సమావేశంలో బోధకుడు ఒక ఆపదను కల్పించి చెప్పి, ఒకరి పేరు పిలుస్తాడు. ఆ విద్యార్థి నిటారుగా నిలబడి, అందరి ఎదుట, తానేమి చేస్తాడో వరుసగా చెప్పాలి. తడబడితే కూర్చోమంటారు, మరొకరు లేస్తారు. తడబడినవానికి ఆనాడు విమానం ఎక్కే అవకాశం పోవచ్చును కూడా. సాయంత్రం గదిలో మామూలు కుర్చీలో కూర్చొని, కళ్లు మూసుకొని, చేతులు కదుపుతూ మరునాటి ప్రయాణమంతా మనసులో నడుపుకోవడం వారి నిత్యాభ్యాసం.

కాబట్టి ఆ విద్యలో నోటికి రావలసినది వేరు, పలకమీద ఉండవలసినది వేరు. క్షణంలో కావలసినది కంఠంలో ఉండాలి. తప్పితే ప్రాణం పోయేదై, చూసుకునే వ్యవధి కూడా ఉన్నది కాగితంమీద ఉండాలి. హిల్ మరచిన తాళం రెండవ కోవలోనిది. నేలమీద నిలిచి ఉన్న విమానంలో దానిని చూసుకోవడానికి క్షణకాలం చాలును.

గడచిన దశాబ్దకాలంలో కాగితానికి బదులు టాబ్లెట్లు పైలట్ల తొడమీదికి చేరుతున్నాయి. పట్టీ మాత్రం అదే. చోటూ అదే.

ఉపాధ్యాయ మిత్రులారా, చూసి చెప్పే పిల్లవానిని మనం చదువురానివానిగా లెక్కగట్టడం పరిపాటి. పొరపాటు ఎక్కడ జరుగవచ్చునో ముందే ఎరిగి, ఆ చోట కాగితం చూసుకొనుట కూడా విద్యయే. ఏది కంఠస్థం చేయించాలి, ఏది చూసుకొనుట నేర్పాలి అనే వివేచన బోధకునిది. రేపటి పాఠానికి ముందు మీరు కూడా ఆ రెండు వరుసలు వ్రాసుకొని చూడండి.