వీధి ఎవరిది?

బీమా పత్రం కూడా ఒక్కొక్కప్పుడు సంకెల కాగలదని నేనంటే అతిశయోక్తి అనుకోవద్దు. 2005లో న్యూయార్కు వీధిలో, టాక్సీల మీద చిత్రం తీయబోయి చేతి కెమెరా పట్టుకున్న మన డాక్యుమెంటరీ దర్శకుడు రాకేశ్ శర్మను పోలీసులు గంటల తరబడి నిర్బంధించారు. ఆయన దావా వేశాడు. నగరం నిబంధనలు వ్రాయడానికి ఒప్పుకొన్నది.

2007 నాటి ముసాయిదా ఏమన్నది? ఇద్దరు ఒకేచోట అరగంటకు మించి కెమెరా వాడితే అనుమతి, పది లక్షల డాలర్ల బీమా ఉండాలన్నది! స్టూడియో యజమానికిదొక లెక్క కాదు; విద్యార్థికి మూసిన తలుపు. కళాకారులు, పౌరులు ఎదురు తిరిగారు. 2008లో అమలైన నిబంధనలు, వీధిని తమకే ప్రత్యేకించుకోనంత వరకు, చేతి కెమెరాకు, స్టాండుకు అనుమతి అక్కర్లేదన్నాయి.

విజయం చిన్నదే. కాని చట్టంలో ధనిక, పేద అన్న మాటలుండవు. ఆ భేదం షరతుల్లో దాగి ఉంటుంది. అక్కడే వెతకాలని నా మనవి.