వియన్నా పసిబిడ్డలు - విటమిను 'డి'

బిడ్డలకు నడక వచ్చు వయస్సులో ఎముకలు గట్టిపడక, ఒంటి బరువునకు కాళ్లు విల్లువలె వంగిపోవు వ్యాధిని రికెట్సు అందురు. మన యిండ్లలో దొడ్డికాళ్లని చెప్పుకొనువానిలో కొన్ని దీనివలన వచ్చినవే. మణికట్టులు ఉబ్బును, ప్రక్కటెముకల చివర పూసలు గ్రుచ్చినట్లు బొడిపెలు తేలును. ఆడపిల్లకు నడుము క్రింది ఎముకలు వంకరపోయినచో ఆ కష్టము ఇరువది ఏండ్ల తరువాత పురిటిలో బయటపడును. ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో ఐరోపా మహానగరముల బీదవాడలలో ఇది సర్వసాధారణమై ఉండెను. కారణమేమన్న, తిండిలో లోపమని కొందరు, ఎండ చొరని ఇండ్లని కొందరు, అంటురోగమని మరికొందరు వాదించుచుండిరి. ఎవరి సాక్ష్యము వారికి గట్టిగానే కనబడుచుండెను.

1918-19లో లండనులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే ఉంచి, ఓట్లు మొదలైన ధాన్యములు పెట్టి పెంచి, వానికి రికెట్సు కలిగించెను. కాడ్ అను చేప కాలేయపు నూనె పోసినవానికి వ్యాధి రాలేదు. 1919లోనే బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రోగులైన పిల్లలపై పాదరస దీపమునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు పడునట్లు చేసి వ్యాధి కుదిర్చెను. ఒక చేతికే కిరణములు సోకినను రెండవ చేతి ఎముకలు కూడ బాగుపడెను. నూనెకు, వెలుతురుకు ఏమి చుట్టరికము? ఒకటి నోట పోయునది, ఒకటి ఒంటిపై పడునది. పైగా కుక్కపిల్ల విషయమున తేలినది మనుష్యుల బిడ్డకు వర్తించునా?

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినది హారియెట్ చిక్ అను ఆంగ్ల వనిత. 1875లో లండనులో జన్మించిన ఈమె 1905లో అచటి లిస్టరు పరిశోధనాలయమున ప్రవేశించెను. స్త్రీని తీసుకొనవద్దని అచటివారు ఇరువురు అధ్యక్షుని బ్రతిమాలిరట. అధ్యక్షుడైన ఛార్లెస్ మార్టిన్ వినలేదు, వినకపోవుటయే మేలైనది. క్రిమిసంహారక ద్రవ్యములు పనిచేయు వేగమును గూర్చి 1908లో ఆమె చెప్పిన సూత్రము నేటికిని ఆమె పేరనే నిలిచియున్నది. మొదటి మహాయుద్ధ కాలమున సైనికులకు స్కర్వీ, బెరిబెరి రాకుండ చూచు పనిలో ఆమె ఉండెను.

యుద్ధము ముగియునప్పటికి ఆస్ట్రియా సామ్రాజ్యము ముక్కలైనది. వియన్నాలో పాలు లేవు, వెన్న లేదు, చలికి బొగ్గు లేదు. పెద్దవారికి సైతము ఎముకలు మెత్తబడి, నడుము నొప్పితో నడువలేని స్థితి వచ్చెను. 1919లో చిక్, ఆస్ట్రేలియాకు చెందిన ఎల్సీ డాల్యెల్ అను వైద్యురాలు, మరికొందరు సహచరులు అచటికి వెళ్లిరి. ఆ బృందములో మార్గరెట్ హ్యూమ్, హెలెన్ మెకే, హన్నా హెండర్సన్ స్మిత్ మొదలైన స్త్రీలు ఉండిరి.

విశ్వవిద్యాలయ శిశువైద్యశాలకు అధిపతి క్లెమెన్స్ ఫాన్ పిర్కే. 'ఎలర్జీ' అను మాటను 1906లో పుట్టించినవాడు ఈయనయే. రికెట్సు అంటురోగమని ఆయన నమ్మకము. వచ్చినవారు దానికి విరుద్ధమైన సంగతిని పరీక్షింప వచ్చిరి. అయినను ఆయన తన వైద్యశాలను, పసిబిడ్డలను, దాదులను వారికి అప్పగించెను. పెద్ద పేరుగల ఆచార్యులలో ఇట్టి గుణము తరచు కనబడునది కాదు.

పరీక్ష పద్ధతి యిది. శిశువులను రెండు తెగలుగా చేసిరి. ఒక తెగకు ఆ వైద్యశాలలో వాడుకగా ఇచ్చుచుండిన చక్కెర కలిపిన పలుచని ఆవుపాలు. రెండవ తెగకు వెన్న తీయని పాలపొడితో చేసిన పాలు, కాడ్ నూనె. గది ఒక్కటే, గాలి ఒక్కటే, శుభ్రత ఒక్కటే. కంటిచూపును నమ్మక, మణికట్టులను ఎక్స్-కిరణములతో మాటిమాటికి చిత్రములు తీయుచుండిరి. ఎముక కొనయందు సున్నము పేరుకొనుచున్నదో లేదో ఆ చిత్రమే చెప్పును.

శీతకాలము వచ్చెను. మొదటి తెగలో పలువురు శిశువులకు రికెట్సు పొడసూపెను. నూనె త్రాగినవారిలో ఒక్కరికిని రాలేదు. అంటురోగమే అయినచో, ప్రక్కప్రక్క పక్కలలో ఉన్నవారిలో అది నూనె సీసాను చూచి తప్పుకొనునా! వేసవిలో మాత్రము ఏ తెగలోను వ్యాధి పుట్టలేదు. వ్యాధి వచ్చిన బిడ్డలకు నూనె ఇచ్చినను, దీపకాంతి చూపినను, ఎండలో ఉంచినను ఎముకలు ఒక్క తీరుగనే గట్టిపడెను. అనగా తిండి వాదమువారును, ఎండ వాదమువారును సగము సగము నిజము చెప్పినవారే. కొందరు శిశువులకు తెలిసియు నూనె ఇయ్యకుండుట నేటి వైద్యనీతికి సమ్మతము కాదు. ఆనాడు వియన్నాలో వాడుక ఆహారమే అది. వ్యాధి కనబడినంతనే చికిత్స చేసి కుదిర్చిరి. ఈ మాట చెప్పియు, ఆ సంగతి మనస్సున కొంచెము గుచ్చుకొనక మానదు.

చుట్టరికము గుట్టు బయటపడుటలో ఒక చిత్రమైన పొరపాటు జరిగెను. హ్యూమ్, స్మిత్ ఎలుకలను ఉంచు గాజుజాడీలపై అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేయగా ఎలుకలు చక్కగా పెరిగెను. కిరణములు సోకిన గాలియే కారణమని 1923లో వారు ప్రకటించిరి. తీరా చూడగా జాడీ అడుగున పరచిన రంపపుపొట్టును ఎలుకలు తినుచుండెను! కిరణములు తగిలిన పొట్టులో మందు పుట్టినది. తమ తప్పును 1924లో తామే సరిదిద్దుకొనిరి. ఆ యేడే అమెరికాలో స్టీన్‌బాక్, హెస్ వేరువేరుగా, ఆహారపదార్థములపై ఈ కిరణములు పడిన రికెట్సును మాన్పు శక్తి వచ్చునని చూపిరి. అంతకుముందే, 1922లో, మెక్కాలమ్ కాడ్ నూనెను కాచుచు గాలి ఊది, విటమిను 'ఎ' గుణము నశించినను రికెట్సును మాన్పు గుణము నిలుచుచున్నదని కనుగొనెను. ఆ గుణము గల పదార్థమునకు 'డి' అని పేరు వచ్చెను.

చర్మములోని ఒక కొవ్వు పదార్థమే ఎండకు విటమినుగా మారునని తరువాత తెలిసినది. అది కాలేయములో ఒక మార్పు, మూత్రపిండములో మరియొక మార్పు పొంది, ప్రేగులలోని సున్నమును రక్తములోనికి తెచ్చును. రెండవ మహాయుద్ధ కాలమున బ్రిటనులో పసిబిడ్డలకు ప్రభుత్వమే కాడ్ నూనె పంచెను. మితిమీరి ఇచ్చుటయు ప్రమాదమే. 1950 తరువాత అచటనే కొందరు శిశువులకు రక్తములో సున్నము హెచ్చి జబ్బుపడగా, 1957లో పాలపొడి మొదలగువానిలో కలుపు మోతాదు తగ్గించిరి. ఎండకు కొదవలేని మన తిరుపతి ప్రాంతమున సైతము ఆరోగ్యవంతులుగా కనబడువారిలో పలువురికి ఈ విటమిను తక్కువగా ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. వారి భోజనములో సున్నపు పాలు తక్కువ. ఉన్నదానిని ఒంటబట్టనీయని, గింజలలోని ఫైటేటు హెచ్చు.

1949లో 'డేమ్' బిరుదము పొందిన హారియెట్ చిక్ 1977లో, నూటరెండవ యేట మరణించెను. అంతకు ముందటి యేడు, 1976లో, వియన్నా పనిని గూర్చి ఆమె స్వయముగా వ్రాసిన వ్యాసము ఒక వైద్యచరిత్ర పత్రికలో వెలువడెను.