చీకటిలో వినిపించిన సొనాటా

చిత్రశాల కన్నులకై కట్టిన యిల్లు. అక్కడ చెవికి పని తక్కువ. మాటాడవలసి వచ్చినను గొంతు తగ్గించి మాటాడుదుము. అట్టి చోట, గోడలమీది చిత్రము లొక్కటియు కనిపించని చీకటిలో, ఒక వయొలీను, ఒక పియానో కలిసి ఒక గొప్ప రచనను మొదటిసారి లోకమునకు వినిపించిన కథ యొకటి కలదు. వాయించువారి ముఖములు చూడకయే సంగీతము వినుట రేడియో శ్రోతలకు నిత్యానుభవము. కనుక ఈ కథ వారికి తక్కినవారికంటె దగ్గరగా తోచునని మేము తలంచుచున్నాము.

అది 1886వ సంవత్సరము, డిసెంబరు 16వ తేది. స్థలము బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు నగరమందలి ఆధునిక చిత్రశాల. కచేరి మధ్యాహ్నము మూడు గంటలకు మొదలైనది. కార్యక్రమము దీర్ఘమైనది. దాని చిట్టచివర నుంచిన అంశము సెజార్ ఫ్రాంక్ రచించిన ‘ఎ మేజర్’ సొనాటా. సొనాటా యనగా గాత్రమునకు గాక వాద్యములకై కొన్ని భాగములుగా కూర్చిన రచన. ఇందు భాగములు నాలుగు. వాయించుటకు పట్టుకాలము అరగంటకు కొంచెము తక్కువ.

ఫ్రాంక్ బెల్జియములోని లియేజ్ పట్టణమున 1822లో జన్మించి, పారిస్ నగరమున స్థిరపడినవాడు. 1858 మొదలు సాంత్ క్లోతిల్డ్ దేవాలయమున ఆర్గన్ వాయించుచు, 1872 నుండి పారిస్ సంగీత కళాశాలలో ఆర్గన్ బోధించుచు, మిగిలిన వేళల ఇంటింటికి పోయి పాఠములు చెప్పి జీవించెను. తన రచనలకు ఆయనకు మిగిలినది తెల్లవారుజామున రెండు గంటల కాలము మాత్రమే. శిష్యులు ఆయనను తండ్రివలె గౌరవించిరి గాని, ప్రజలు ఆయన రచనలను పెద్దగా పట్టించుకొనలేదు. ఈ సొనాటా వ్రాయునాటికి ఆయనకు అరువదిమూడేండ్లు.

ఇది యొక పెండ్లికానుక. లియేజ్ పట్టణమువాడే యగు వయొలీను విద్వాంసుడు యూజేన్ ఇజాయికి ఆ సెప్టెంబరు చివర ఆర్లాన్ పట్టణమున వివాహము జరిగెను. ఫ్రాంక్ ఆ పెండ్లికి రాలేకపోయెను. మిత్రుడు శార్ల్ బోర్డ్ చేతికి సొనాటా ప్రతినిచ్చి పంపగా, అతడు పెండ్లినాటి ఉదయము దానిని వరుని చేతిలో పెట్టెను. బోర్డ్ సోదరుని భార్యయగు లియోంటీన్ బోర్డ్-పెన్ మంచి పియానో విద్వాంసురాలు. ఆమెయు అక్కడనే యుండెను. ఇరువురును తొందరతొందరగా ఒకమారు సరిచూచుకొని, పెండ్లికి వచ్చిన చుట్టములకు దానిని వాయించి వినిపించిరి. పెండ్లికొడుకే కచేరి చేయుట మనవైపు వినలేదు గాని, ఆ పూట కట్నకానుకలలో అంతకు మించిన దేదియు వచ్చి యుండదు.

మూడు నెలలు నిండకుండగనే ఆ యిరువురే బ్రస్సెల్సు చిత్రశాలలో దానిని బహిరంగముగా వాయించుటకు కూర్చుండిరి. అటుపై జరిగినది మనకు ఫ్రాంక్ శిష్యుడును, తానును స్వరకర్తయు నైన వాన్సాన్ దాందీ వలన తెలియుచున్నది. ఆయన ఆనాడు సభలో నుండెను. మొదటి భాగము ముగియునప్పటికి చీకటి పడినది. ఎదుటనున్న స్వరపత్రములు కనబడవు. చిత్రములున్న గదిలో ఎట్టి దీపమును వెలిగింపరాదని నియమము. అగ్గిపుల్ల గీచినను తప్పే. సభ చాలింపవలసినదే యనిపించెను. కాని శ్రోతలు కదలలేదు. అప్పుడు ఇజాయి కమానుతో ఎదుటి పీటను తట్టి, ముందుకు సాగుద మని హెచ్చరించెనట. తక్కిన మూడు భాగములను ఇరువురును చీకటిలో, జ్ఞాపకము నుండియే వాయించిరి.

చిత్రశాల అధికారులను మొండివారని నిందించుట మాకిష్టము లేదు. ఎడిసన్ విద్యుద్దీపము పుట్టి అప్పటికి ఏడేండ్లు మాత్రమే. దీపమన్నచో చాలచోట్ల గ్యాసు దీపమే. దాని మంట, వేడి, పొగ నూనెరంగుల చిత్రములకు శత్రువులు. లండనులో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియము 1850ల చివరినుండియే గ్యాసు దీపముల వెలుతురులో సాయంకాలములు తెరచి యుంచెడిది. అట్టి సాహసము అందరును చేయలేదు. వందలయేండ్లు నిలువవలసిన వస్తువును కాపాడువాడు ఒక సాయంకాలపు ముచ్చటకై నియమము సడలింపకుండుట న్యాయమే. ఆ నియమము లేకున్నచో మనకీ కథయు లేకపోయెడిది.

దాందీ ఫ్రాంక్ జీవితచరిత్రను ప్రకటించినది 1906లో, అనగా కచేరి జరిగిన ఇరువది సంవత్సరములకు. గురుభక్తి మిక్కుటముగా గలవాడు; గురువు కథను కొంత వెలిగించి చెప్పు అలవాటు ఆయనకు కలదు. కనుక మేము ఆకాశమునే సాక్ష్య మడిగితిమి. డిసెంబరు నడుమ బ్రస్సెల్సులో, ఆనాటి స్థానికకాలము ప్రకారము, నాలుగు కాకమునుపే సూర్యు డస్తమించును. ఆపైన సంధ్యవెలుగు అరగంట. మూడింటికి మొదలైన పొడవైన కచేరిలో కడపటి అంశము వచ్చుసరికి గదిలో చీకటి కమ్మెననుట నమ్మదగిన మాటయే. అది కన్ను పొడిచినను కానరాని చీకటియో, మనుష్యుల ఆకారములు మసకగా తోచు చీకటియో మాత్రము ఎవరి ఊహకు వారిదే.

ఈ కథను తరువాత చెప్పినవారిలో పలువురు దానిని ఇజాయి ఘనతగా చెప్పుదురు. దాందీ ఇద్దరిని చెప్పెను. లోకము ఒకరినే జ్ఞాపకముంచుకొనెను. ఇచ్చట మాకు కొంత ఫిర్యాదు కలదు.

మన కచేరీలలో వయొలీను చాలకాలము పక్కవాద్యము. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) దానిని ఒంటరిగా వాయించి దానికి ప్రధానపీఠము నొసంగిరి. ఆ యనుభవముతో వినువారు, ఫ్రాంక్ సొనాటాలో పియానోయే పక్కవాద్యమనుకొనుట సహజము. అది పొరపాటు. పాశ్చాత్యులలో పూర్వము పరిస్థితి తలక్రిందులు: మోజార్టు తొలిదినముల సొనాటాలు పియానో జాతి వాద్యమునకు వయొలీను తోడుగా నుండునని పేర్కొని అచ్చువేయబడినవి. ఫ్రాంక్ రచనలో ఇరువురును సమానులు. శ్రమను లెక్కించినచో పియానోదే హెచ్చు.

ఆ శ్రమను చీకటిలో నుంచి చూడుడు. వయొలీను వాయించువాని ఎడమచేయి వాద్యమును విడువదు. వ్రేలికి తంత్రి తెలియును, తప్పినచో చెవి దిద్దును. కన్నులు మూసుకొని వాయించు విద్వాంసులను మనము చూచియే యున్నాము. పియానో సంగతి వేరు. దాని మెట్లవరుస నాలుగడుగుల పొడవు. చేయి ఒకచోట నుండి లేచి గాలిలో ప్రయాణముచేసి మరియొకచోట దిగవలెను. దిగినచోట ఒక్క మెట్టు తప్పినను దిద్దుకొను అవకాశము లేదు. పైగా ఫ్రాంక్ చేతులు అసాధారణముగా పెద్దవని ప్రసిద్ధి. ఆయన స్వరములను తన చేతికొలతకే కూర్చెను. చీకటిలో మిగిలిన మూడు భాగములలో మొదటిదే, అనగా సొనాటా రెండవ భాగమే, పియానోకు మిక్కిలి కష్టమైనది: క్రింది స్థాయిలో పొంగి పొరలు వడిగల స్వరములతో అది మొదలగును. మూడవ భాగము తాళపు బిగువు సడలి మాటవలె సాగును. అచ్చట ఒకరి ముఖము నొకరు చూచుకొనుచు ఎత్తుకొనుట విద్వాంసుల అలవాటు. ఆనాడు చూచుకొనుటకు ముఖము లేదు. ఒకరి శ్వాస నొకరు వినవలసినదే.

కచేరి అనంతరము జరిగిన మరియొక సంగతియు చెప్పదగినది. ఇజాయి మొదటి భాగమును రచయిత తలచినదానికంటె వడిగా వాయించెనని ఆర్మాన్ పరాన్ అను వయొలీను విద్వాంసుడు ఆక్షేపింపగా, ఫ్రాంక్ అదియే సరియైన నడక యనియు, ఇకపై అట్లే వాయింపవలెననియు అంగీకరించెనట. వ్రాసినవాడు వాయించినవానికి తలయొగ్గుట అరుదు.

ఫ్రాంక్ 1890 నవంబరులో మరణించెను. ఇజాయి ఆ సొనాటాను దేశదేశముల వినిపించి, 1931లో మహావిద్వాంసుడను కీర్తితో కన్నుమూసెను. లియోంటీన్ బోర్డ్-పెన్ 1887లో దాందీ రచించిన పర్వతగీత సింఫనీని మొదట వాయించెను. ఆయన దానిని ఆమెకే అంకితము చేసెను. కాని 1890లోనే ఆమెకు పక్షవాతము వచ్చినది. చీకటిలో మెట్లను తడుముకొనకుండ పట్టుకొన్న ఆ చేతులు ముప్పదిరెండవ యేటనే కచేరీల నుండి తొలగినవి. ఆమె 1924 వరకు జీవించెను.

ఈ సొనాటా రేడియోలో వినబడినప్పుడు శ్రోతలు నాలుగవ భాగమునకు కొంచెము చెవియొగ్గవలెనని మా మనవి. అందు ఒక సులభసుందరమైన వరుస వచ్చును. ఒక వాద్యము దానిని ఎత్తుకొనగా, ఒక్క తాళావర్తము తరువాత రెండవ వాద్యము అదే వరుసను అనుసరించును. చీకటిగదిలో దారి తెలియని వేళ ముందుగా అడుగుపెట్టునది, వెంటవచ్చునది ఎవరో అప్పుడు తెలియును. మొదట వినిపించునది పియానో.