కారుకు బీమా ఉంది సరే.. ప్రమాదం జరిగితే ఎవరికి ఎంత వస్తుంది?

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్‌-బెంగళూరు 44వ నంబరు రహదారి, కడప-రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌.. ఈ దారుల్లో తిరిగేవారికి ప్రమాద వార్తలు కొత్త కాదు. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి మండలం మాదార్పురం వద్ద టెంపో వాహనం లారీని ఢీకొని 14 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు, ఒక ద్విచక్ర వాహనదారుడు ప్రాణాలు కోల్పోయారు.

ఏ ప్రమాదం జరిగినా మొదట వినిపించే ప్రశ్న: ‘బండికి ఇన్సూరెన్స్‌ ఉందా?’ ఉందన్న జవాబు ఒక్కటే సరిపోదు. ఒకే పాలసీలో రోడ్డు మీద నడిచే మనిషికి ఒక లెక్క, కారు యజమానికి ఒక లెక్క, వెనక సీట్లో కూర్చున్నవారికి ఇంకో లెక్క ఉంటుంది. కొందరికి పరిమితే లేదు. కొందరికి రూపాయి కూడా రాకపోవచ్చు. ఇవి ముందే తెలుసుకోవడం ఎలాగో చూద్దాం.

మీ దగ్గరున్నది ఏ పాలసీ?

మోటారు వాహనాల చట్టం-1988లోని 146వ సెక్షన్‌ ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్‌ పార్టీ బీమా తప్పనిసరి. లేకుండా దొరికితే మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలుశిక్షకూ అవకాశం ఉంది. ఈ బీమా ఎదుటివారికి జరిగిన నష్టానికే. మీ కారు మరమ్మతులకు ‘ఓన్‌ డ్యామేజ్‌’ కూడా ఉండాలి. రెండూ కలిపి ఉన్నదే ప్యాకేజీ పాలసీ. దీన్నే కాంప్రహెన్సివ్‌ అనీ అంటారు.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్‌ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. ఓన్‌ డ్యామేజ్‌ మాత్రం సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది. ‘మూడేళ్ల ఇన్సూరెన్స్‌ కట్టాం కదా’ అని రెండో ఏడాది రెన్యువల్‌ చేయకపోతే కారు మరమ్మతు ఖర్చంతా మీదే. పాలసీ మీద రెండు ముగింపు తేదీలుంటాయి. రెండూ చూడండి.

ఎదుటివారికి ఎంత?

మీ కారు తగిలి ఎదుటి మనిషి చనిపోయినా, గాయపడినా బీమా సంస్థ చెల్లించే పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. మృతుడి వయసు, ఆదాయం, ఆధారపడిన కుటుంబ సభ్యులను బట్టి మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌ తేలుస్తుంది. తప్పు ఎవరిదో నిరూపించకుండానే 164వ సెక్షన్‌ కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు కోరే వీలూ ఉంది.

ఆస్తి నష్టానికి మాత్రం పరిమితి ఉంది. ఎదుటి కారు, దుకాణం, ప్రహరీ గోడ వంటివి దెబ్బతింటే ప్రైవేటు కారు పాలసీ కింద గరిష్ఠంగా రూ.7.5 లక్షలు. అంతకు మించితే మీరే కట్టాలి. ప్రీమియం కాస్త తగ్గుతుందని దీన్ని రూ.6,000కు కుదించుకునే వెసులుబాటు ఉంది. ఏజెంటు అలా రాశారేమో చూసుకోండి. రూ.6,000 ఈరోజుల్లో ఒక బంపరుకు కూడా చాలకపోవచ్చు.

కారులో కూర్చున్నవారికి ఎంత?

కుటుంబంతో తిరుమలకో, మహానందికో బయల్దేరేవారు ముందుగా చూసుకోవాల్సింది ఇదే. థర్డ్‌ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న ప్రైవేటు కారు డ్రైవరు తప్పిదంతో బోల్తా పడితే, అందులో ఊరికే ప్రయాణిస్తున్నవారికి బీమా సంస్థ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. ప్యాకేజీ పాలసీ ఉంటే ప్రయాణికులకూ పరిహారం వర్తిస్తుందని 2012లో అదే కోర్టు స్పష్టం చేసింది. తప్పు ఎదుటి లారీదో, బస్సుదో అయితే ఆ వాహనం బీమా నుంచి కోరవచ్చు.

అదనపు ప్రీమియం కడితే ప్రయాణికులకు ఒక్కొక్కరికి రూ.2 లక్షల వరకు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవచ్చు. జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారు అతని కోసం కట్టే చిన్న మొత్తం పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి.

నడుపుతున్న యజమానికి ఎంత?

సొంత పాలసీలో యజమాని ‘థర్డ్‌ పార్టీ’ కాడు. తన తప్పుతోనే ప్రమాదం జరిగితే ఆయన కుటుంబానికి దక్కేది ‘ఓనర్‌-డ్రైవర్‌’ వ్యక్తిగత ప్రమాద బీమా మాత్రమే. 2018లో దీన్ని రూ.15 లక్షలకు పెంచారు. మరణించినా, రెండు కళ్లు లేదా రెండు అవయవాలు కోల్పోయినా పూర్తి మొత్తం వస్తుంది. ఒక కన్ను లేదా ఒక అవయవం పోతే సగం. కారు ఆయన పేరు మీద, చెల్లే లైసెన్సు ఆయన చేతిలో ఉండాలి.

స్నేహితుడి కారు అడిగి తీసుకెళ్లిన వ్యక్తినీ యజమాని స్థానంలో ఉన్నట్టే పరిగణించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అతనికీ ‘థర్డ్‌ పార్టీ’ పరిహారం రాదు. కారు ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ ఇది గుర్తుంచుకోవాలి.

కారుకు ఎంత?

కారు పూర్తిగా పాడైనా, చోరీకి గురైనా వచ్చే గరిష్ఠ మొత్తమే ఐడీవీ. అమలులో ఉన్న పట్టిక ప్రకారం కంపెనీ అమ్మకపు ధరలో ఒకటి నుంచి రెండేళ్ల కారుకు 20 శాతం, రెండు నుంచి మూడేళ్లకు 30, మూడు నుంచి నాలుగేళ్లకు 40, నాలుగు నుంచి ఐదేళ్లకు 50 శాతం తరుగు తీస్తారు. రూ.8 లక్షల కారుకు నాలుగున్నరేళ్లు నిండితే ఐడీవీ రూ.4 లక్షలు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే రూ.3 లక్షలు దాటితే పూర్తి నష్టం కింద లెక్కిస్తారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ మరీ తగ్గించి రాయించుకుంటే నష్టపోయేది మీరే.

మరమ్మతుల్లోనూ కోతలుంటాయి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం తరుగు. అద్దాలకు ఉండదు. ప్రతి క్లెయిమ్‌లోనూ 1500 సీసీ వరకు రూ.1,000, ఆపైన రూ.2,000 మీ వాటా. రూ.10,000 బంపరు మారిస్తే తరుగు పోను రూ.5,000, మీ వాటా పోను చేతికొచ్చేది రూ.4,000. ‘జీరో డిప్రిసియేషన్‌’ తీసుకుంటే ఈ తరుగు తప్పుతుంది.

కరవు సీమకు వరద బీమా ఎందుకనుకోవద్దు. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతాన్ని చెయ్యేరు ముంచెత్తింది. వరద నష్టం ఓన్‌ డ్యామేజ్‌ కిందకు వస్తుంది. థర్డ్‌ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్‌ చేసి ఇంజిన్‌ పాడైతే ‘ఇంజిన్‌ ప్రొటెక్ట్‌’ లేనిదే సాధారణంగా చెల్లించరు.

బీమా ఉన్నా చిక్కులెప్పుడు?

• సొంత కారును బాడుగకు తిప్పితే పాలసీ నిబంధన ఉల్లంఘించినట్టే.
• లైసెన్సు లేకుండా, మద్యం తాగి నడిపితే మీ కారు నష్టానికి క్లెయిమ్‌ రాదు. లైసెన్సు లేని కేసుల్లో బాధితులకు ముందు బీమా సంస్థ చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశిస్తుంటాయి.
• పాత కారు కొంటే 14 రోజుల్లో పాలసీ పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆర్సీలో, పాలసీలో ఒకే పేరుండాలి.

ప్రమాదం జరిగితే..

ముందు 108కి, జాతీయ రహదారిపై అయితే 1033కి ఫోన్‌ చేయండి. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల నగదు రహిత చికిత్స అందాలి. ఢీకొన్న వాహనం ఆగకుండా పోతే మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు పరిహారం ఉంది.

పోలీసులకు, బీమా సంస్థకు వెంటనే చెప్పండి. సర్వేయరు చూడకముందే మరమ్మతు మొదలుపెట్టవద్దు. క్లెయిమ్‌ తిరస్కరిస్తే ముందు బీమా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు ఉండదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్‌ 155255.

ఈరోజే చూసుకోండి

పాలసీ కాగితం తీసి ఆరు విషయాలు సరిచూసుకోండి: రెండు ముగింపు తేదీలు, ఐడీవీ, ఆస్తి నష్టం పరిమితి రూ.7.5 లక్షలా రూ.6,000లా, ఓనర్‌-డ్రైవర్‌ రూ.15 లక్షలు, ప్రయాణికుల బీమా, ఆర్సీలోని పేరు. ఏది లేకపోయినా దారి పట్టకముందే ఏజెంటుకు ఫోన్‌ చేయండి. ప్రమాదం జరిగాక తీసుకున్న బీమా ఆ ప్రమాదానికి పనికిరాదు.